చెన్నై ఇంటి అక్వేరియానికి ప్రాణమున్న మొక్కలా, ప్లాస్టిక్ మొక్కలా: మూడు తొట్లలో వాడి చూశాక

మా పెరంబూర్ ఇంట్లో మూడు చేపల తొట్లు ఉన్నాయి. హాల్లో మూడడుగుల తొట్టి, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. దానికి కాస్త ఎడంగా రెండడుగుల తొట్టి, అందులో గప్పీలు, ప్లాటీలు. మా అమ్మాయి చదువుకునే బల్ల మీద ఇరవై లీటర్ల చిన్న తొట్టి, అందులో ఒంటరిగా ఒక ఫైటర్ చేప. 2023 ఫిబ్రవరిలో మొదటి తొట్టి కొన్ననాటి నుంచి ఈ మూడింటిలోనూ ప్లాస్టిక్ మొక్కలు, గుడ్డతో చేసిన మొక్కలు, ప్రాణమున్న మొక్కలు మార్చి మార్చి వాడాను. ఏవి కొనమంటారని అడిగే స్నేహితులకు ప్రతిసారీ ఫోన్లో చెప్పేకన్నా, డబ్బు పెట్టి కొని వాడిన మనిషిగా నాకు తెలిసింది ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. నా తీర్పు ముందే చెబుతాను. చెన్నై నీళ్లకూ చెన్నై ఎండకూ తట్టుకునే రకాలు నాలుగైదు ఉన్నాయి. అవి దొరికితే ప్రాణమున్న మొక్కలే కొనాలి. ఆ నాలుగైదింటినీ దాటి, అందం చూసి మనసు పడి కొనే మొక్క కన్నా ఒక మంచి గుడ్డ మొక్క నయం. అంచులు గరుకుగా ఉండే ప్లాస్టిక్ మొక్క మాత్రం ఏ తొట్టికీ వద్దు.

మొదట కొన్నవి ప్లాస్టిక్ మొక్కలే. తొట్టి కొన్న దుకాణంలోనే ఆరు మొక్కలు కలిపి 450 రూపాయలకు ఇచ్చారు. ఆకుపచ్చవి నాలుగు, ముదురు గులాబీ రంగువి రెండు. ఇంటికి తెచ్చి కడిగి పెట్టిన పూట తొట్టి నిండుగా, చూడముచ్చటగా కనిపించింది, ఆ మాట కాదనను. వారం తిరిగేసరికి ఫైటర్ తోక చివర సన్నగా చీలికలు కనిపించాయి. ఏదో జబ్బనుకుని మందు కోసం వెదికాను. తోక కుళ్లే జబ్బు అయితే అంచు నల్లబడటమో, పాలిపోయి పీచుపీచుగా కరిగిపోవడమో జరుగుతుంది. దీని తోక అంచు శుభ్రంగానే ఉంది, కత్తెరతో నిలువుగా కత్తిరించినట్టు రెండు గీతలు మాత్రం పడ్డాయి. ఆ రాత్రి దీపం ఆర్పి చిన్న టార్చి వేసి చూస్తే, చేప రెండు ప్లాస్టిక్ ఆకుల సందున ఒరిగి పడుకుని ఉంది. మా ఆవిడ చిరిగిన జార్జెట్ చున్నీ ఒకటి తెచ్చి, "దీన్ని ఆ ఆకుల మీద లాగి చూడండి" అంది. ఒక మొక్కను పైకి తీసి, తుడిచి, చున్నీని ఆకుల మీదుగా నెమ్మదిగా లాగితే మూడు చోట్ల పోగు లేచింది. ప్లాస్టిక్‌ను అచ్చులో పోసినప్పుడు ఆకు అంచున సన్నటి రేకు మిగిలిపోతుంది. అది వేలికి తెలియదు గాని చున్నీకి తెలుస్తుంది, అంతకన్నా పల్చటి చేప తోకకు ఇంకా బాగా తెలుస్తుంది. ఆ రోజే మొక్కలు తీసేశాను. వారానికి రెండుసార్లు కొంత నీరు మారుస్తూ వచ్చానే తప్ప మందేమీ వేయలేదు. నెల రోజులకు తోక మళ్లీ అతుక్కుని పెరిగింది.

మిగిలిన రెండు లోపాలు తర్వాత బయటపడ్డాయి. గులాబీ రంగు మొక్కను తెల్లటి మగ్గులో గోరువెచ్చటి నీళ్లు పోసి రాత్రంతా నానబెడితే, తెల్లారేసరికి నీళ్లకు లేత గులాబీ ఛాయ వచ్చింది. ఆ రంగు చేపకు హాని చేస్తుందో లేదో తేల్చే పరికరం మనలాంటివాళ్ల దగ్గర ఉండదు కనుక, రంగు దిగిన మొక్కను పారేయడమే మంచిది. ఆకుపచ్చ మొక్కలను గోల్డ్‌ఫిష్ తొట్టిలో పెడితే, అయిదో నెలలో ఒకదాని కాడ అడుగున ప్లాస్టిక్ చిట్లి, లోపలి తీగ తుప్పుపట్టి బయటికి పొడుచుకు వచ్చింది. ఇనుప తీగ లోపల పెట్టిన మొక్కా, పెట్టనిదీ దుకాణంలో పక్కపక్కనే, ఒకే ధరకు ఉంటాయి. కాడను వంచి వదిలితే తీగ ఉన్నది వంచినచోటే నిలుస్తుంది, లేనిది తిరిగి నిటారుగా లేస్తుంది, రెండోదే తీసుకోవాలి.

గుడ్డ మొక్కల సంగతి వేరు. వీటిని సిల్కు మొక్కలని అమ్ముతారు గాని, నిజానికి ఇవి పాలిస్టర్ గుడ్డతో చేసినవి. ఒక్కోటి 250 రూపాయల చొప్పున రెండు కొన్నాను. ఆకు మెత్తగా నీటితోపాటు ఊగుతుంది, చున్నీ ఎక్కడా పట్టుకోలేదు, ఫైటర్ వాటి వెడల్పాటి ఆకు మీదే ఒరిగి పడుకోవడం అలవాటు చేసుకుంది. కొత్త తొట్టిలో మూడో వారానికల్లా ఆకుల మీద గోధుమరంగు నాచు పొరలా కడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో కుళాయి కింద రుద్దితే పోతుంది. బ్లీచింగ్ నీళ్లలో ముంచి తీస్తే ఇంకా తేలికగా పోతుందని విని ఒకసారి చేశాను, పచ్చదనం సగం వెలిసిపోయింది. బ్లీచింగ్ వాడక తప్పని పరిస్థితి వస్తే బాగా పలుచగా కలిపి, కొద్ది నిమిషాలే ముంచి, నీళ్లు మార్చి మార్చి కడిగి, క్లోరిన్‌ను విరిచే యాంటీ క్లోరిన్ మందు కలిపిన నీళ్లలో నానబెట్టి, వాసన పూర్తిగా పోయాకే తిరిగి పెట్టాలి. ఏమీ చేయకపోయినా దీపం వెలుగుకు ఏడాదిన్నరకు రంగు తగ్గింది. అంతకాలం పనిచేసిన వస్తువు మీద నాకు ఫిర్యాదు లేదు.

అయితే గుడ్డ మొక్క ఎంత మంచిదైనా తొట్టిలో అది ఒక సామానే. చాటు ఇస్తుంది, చాటు దొరికిన చేప బెదురు తగ్గి రంగు తేరుతుంది, దాని ఆకుల మీద మంచి సూక్ష్మజీవులు కొంత చేరతాయి. ఇవి చిన్న మేళ్లేమీ కావు. నీటిలోని మలినాన్ని మాత్రం అది తనంతట తాను తీసుకోదు. ఈ తేడా ఎంత ముఖ్యమో నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది కనుక, ఇక్కడ కాస్త నిలబడి చెబుతాను.

చేప మొప్పల గుండా నిరంతరం అమ్మోనియాను వదులుతూ ఉంటుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడిన సూక్ష్మజీవులు దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది కొంత మోతాదు వరకు ఫరవాలేదు. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం రూపం అంత ప్రమాదకరం కాదు, స్వేచ్ఛగా ఉండే అమ్మోనియా రూపమే మొప్పలను కాల్చేస్తుంది. మొత్తంలో ఆ విషపు రూపం వాటా ఎంతన్నది నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), వేడి రెండూ నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే ఆ వాటా ఒక శాతం కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8కి చేరితే అయిదు శాతం దాటుతుంది. వేడి 30 దాటితే ఇంకా పెరుగుతుంది. మా బోరు నీళ్ల పీహెచ్ 8కి దగ్గరగా ఉంటుంది, మే నెలలో తొట్టి నీళ్లు 32 డిగ్రీలకు వస్తాయి. అంటే చల్లటి ఊళ్లో, లవణాలు తక్కువుండే మెత్తటి నీళ్లలో చెల్లిపోయే చిన్న అజాగ్రత్త, ఒకపూట ఎక్కువ వేసిన మేత, ఒక్కరోజు ఆగిపోయిన ఫిల్టర్, ఇక్కడ చేపల ప్రాణాల మీదికి వస్తుంది. పైగా నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా కరిగేది, 30 దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. ప్రాణమున్న మొక్క ఎదుగుదలకు కావలసిన నత్రజనిని ముందుగా ఆ అమ్మోనియం నుంచే తీసుకుంటుంది, వెలుతురు ఉన్నంతసేపూ ఆక్సిజన్ విడుస్తుంది. హైస్కూల్లో హైడ్రిల్లా కొమ్మను గాజు గరాటు కింద పెట్టి, పరీక్షనాళికలోకి బుడగలు ఎక్కడం చూపించిన ప్రయోగం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తొట్టిలో జరిగేదీ అదే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త, పన్నెండు గ్యాలన్ల గాజు పాత్రలో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వాలిస్నేరియా అనే గడ్డిలాంటి నీటి మొక్కతో కలిపి పెంచి, చేప, మొక్క ఒకదాని ఊపిరికి ఒకటి ఆధారమవుతాయని అక్కడి రసాయన శాస్త్ర సంఘానికి నివేదించాడు. కుళ్లిన ఆకులతో నీళ్లు చెడిపోతుంటే నీటి నత్తలను చేర్చి సరిచేశాడు. చేప, మొక్క, నత్త అనే ఆ ముగ్గురి కూర్పే ఇవాళ్టి ఇంటి అక్వేరియానికి తొలి రూపం. ఆ వాలిస్నేరియానే నేను కొన్నప్పుడు కొళత్తూర్ దుకాణాల్లో రబ్బరు బ్యాండు చుట్టి, కట్ట 60 రూపాయలకు ఇచ్చారు.

కొళత్తూర్ గురించి తెలియనివారికి: చెన్నైలో రంగు చేపలకు పేరుపడ్డ చోటు అది. విల్లివాక్కం స్టేషన్లో దిగి ఆటోలో వెళితే దగ్గరే. వీధుల పొడవునా చేపల దుకాణాలు, వాటి వెనక ఇళ్లలోనూ మేడల మీదా సిమెంటు తొట్లలో చేపలు పెంచేవాళ్లు ఉంటారు. నేను నాలుగు దుకాణాల్లో మొక్కలు కొన్నాను. మొదటి దుకాణంలో నాకు అంటగట్టిన వాటి పేర్లు రాయడం అవసరం, ఎందుకంటే ఇప్పటికీ చాలాచోట్ల అవే అమ్ముతున్నారు. ముదురు ఊదా ఆకుల మొక్క ఒకటి, తెల్లటి చారల డ్రసీనా ఒకటి, లక్కీ బాంబూ కాడలు మూడు. ఇవేవీ నీటి మొక్కలు కావు. వేళ్లు మాత్రమే నీటిలో ఉంటే లక్కీ బాంబూ ఏళ్ల తరబడి బతుకుతుంది, ఆకులతో సహా ముంచితే మెల్లమెల్లగా కుళ్లిపోతుంది. మూడు వారాలు పచ్చగా ఉండి, నాలుగో వారంలో కాడలు పసుపు తిరిగి, జిగురు పట్టి, నీళ్లు వాసన వేశాయి. ఆ కుళ్లు నుంచి పుట్టేదీ అమ్మోనియానే కనుక, ఆ మూడు కాడలు తొట్టికి మేలు చేయకపోగా కీడు చేశాయి. ప్రాణమున్న మొక్కలు మనకు అచ్చిరావని చాలామంది ప్లాస్టిక్‌కు తిరిగిపోవడానికి ఇలాంటి అమ్మకాలే కారణమని నా నమ్మకం. నీటిలో బతకనిదాన్ని నీటి మొక్కగా అమ్మడం కొనేవాడికీ చేపకూ చేసే అన్యాయం.

నాలుగో దుకాణం పెద్దాయనది సూళ్లూరుపేట. నేను గూడూరువాణ్నని తెలిశాక తెలుగులోకి దిగారు. ఏ మొక్కలు కావాలని ఆయన అడగలేదు, ముందు నీళ్ల గురించే అడిగారు (చెన్నైలో నగర సరఫరా నీళ్లను మెట్రో నీళ్లంటారు).

"ఇంట్లో బోరు నీళ్లా సార్, మెట్రో నీళ్లా?"

"రెండూనండి. మెట్రో నీళ్లు రాని రోజు బోరు నీళ్లే."

"టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, ఎప్పుడైనా చూశారా? చూడకపోతే సీసాలో పట్టుకు రండి, నేను చూసి చెబుతాను. నీళ్ల సంగతి తెలీకుండా మొక్క ఇస్తే అది నెల తిరక్కుండా పోతుంది, మీరు నన్ను తిట్టుకుంటారు."

మర్నాడు రెండు సీసాలు తీసుకెళ్లాను. మా మెట్రో నీళ్లు 300కు కాస్త పైన, బోరు నీళ్లు 1100 చూపించాయి. ఆయన కబోంబా అనే నీటి మొక్క ఉన్న తొట్టి ముందు నుంచి నన్ను పక్కకు తీసుకెళ్లి, ఈ నీళ్లకు అది ఆగదని చెప్పి, వాలిస్నేరియా, హైడ్రిల్లా, జావా ఫెర్న్, అనూబియాస్, జావా మాస్ చూపించారు. ఆయన మాట వెనక ఉన్న కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. వాలిస్నేరియా, హైడ్రిల్లా మొక్కలు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు, కఠిన జలంలో సమృద్ధిగా ఉండే బైకార్బోనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు. బకెట్టు అంచున తెల్లటి ఉప్పు పొర కట్టించే మన బోరు నీళ్లు వాటికి ఒకరకంగా ఆహారమే. కబోంబా వంటివి మెత్తటి నీళ్లను కోరతాయి. జావా ఫెర్న్, అనూబియాస్ చాలా నెమ్మదిగా పెరుగుతాయి గనుక వాటి అవసరాలే తక్కువ.

ఇప్పుడు ఒక్కో మొక్క గురించి నా అనుభవం. వాలిస్నేరియా నాటిన మొదటి పదిహేను రోజులు సగం ఆకులు కరిగిపోయి నిరుత్సాహపెట్టింది. ఆ తర్వాత ఇసుక కింద తీగలు పాకించి, ప్రతి తీగ చివరా ఒక పిల్ల మొక్కను లేపి, నాలుగు నెలల్లో రెండడుగుల తొట్టి వెనక గోడనంతా పచ్చటి తెరలా కప్పేసింది. దీనికి, మొక్కల ఎదుగుదలకని ద్రవరూపంలో అమ్మే కార్బన్ సీసాలు వేయకూడదు. వాటిలో ఉండే గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం పడక ఈ మొక్క కరిగిపోతుంది. హైడ్రిల్లాకు ఇసుక కూడా అక్కర్లేదు, కట్టను వదిలేస్తే తేలుతూనే పెరుగుతుంది. కొత్త తొట్టిలో నీరు కుదుటపడేదాకా అంతకన్నా సాయపడే మొక్క లేదు, వారం వారం కత్తిరించడమే పని. అమెజాన్ స్వోర్డ్ ఒకటి తెచ్చాను, బతికింది గాని, తెచ్చిన ఆకులన్నీ రాలిపోయి, సన్నటి కొత్త ఆకులు వేసింది. నర్సరీల్లో చాలా మొక్కలను వేళ్లు మాత్రమే తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. ఆ గాలి ఆకులు నీటిలో నిలవవు, మొక్క నీటికి తగ్గ ఆకులు మళ్లీ వేసుకోవాలి. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టి, రాలిన ఆకులు ఎప్పటికప్పుడు తీసేస్తే సరిపోతుంది. మొక్క చచ్చిందనుకుని పీకేయకూడదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి జావా ఫెర్న్, అనూబియాస్. ఈ రెండింటికీ పసుపు కొమ్ములాంటి అడ్డ కాండం ఉంటుంది, ఆకులు పైకీ వేళ్లు కిందికీ దాని నుంచే వస్తాయి. ఆ కొమ్మును ఇసుకలో పూడ్చితే కుళ్లిపోతుంది. రాయికో చెక్కకో నూలు దారంతో కట్టాలి, లేదా ఫెవిక్విక్ రెండు చుక్కలు వేసి అంటించాలి. ఆ జిగురు తడి తగిలితే గట్టిపడి, చేపకు హాని లేకుండా ఉండిపోతుంది. మొదటి వేసవిలో జావా ఫెర్న్ ముదురు ఆకుల అడుగున నల్లటి చుక్కలు వరసగా కనిపిస్తే తెగులనుకుని మూడు ఆకులు కోసేశాను. నాలుగో ఆకును వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే, ఒక చుక్క దగ్గర వెంట్రుకంత సన్నటి వేళ్లు, వాటి మీద గోరంత ఆకు ఒకటి. ఆకు మీదే పిల్ల మొక్క పుడుతోంది. ఆ పిల్లను వేలి గోరుతో వేరుచేసి రాయికి కట్టాను, ఇప్పుడది జానెడు ఎత్తు మొక్క. అనూబియాస్ నెలకు ఒకటో రెండో ఆకులు వేస్తుంది, అంతే. అంత నెమ్మది కనుకనే దాని ఆకుల మీద నాచు పేరుకుంటుంది. వెలుతురు తక్కువ పడే మూల దాని చోటు. జావా మాస్ గుబురు వేశాక గప్పీ పిల్లలు తల్లుల నోట పడకుండా పెరగడం మొదలైంది. తెల్లవారుజామున దీపం వేసే ముందు ఆ గుబురు దగ్గర ముఖం పెట్టి చూస్తే, ఆవగింజంత కళ్లు పదుల్లో కనిపిస్తాయి.

ఈ మొక్కలకు ఖర్చు పెద్దగా కాలేదు. రాయికి కట్టిన జావా ఫెర్న్ 200, అనూబియాస్ 250, మాస్ ఒక డబ్బా 100. తర్వాత మళ్లీ కొనే పని పడలేదు. ఎల్ఈడీ దీపానికి టైమర్ తగిలించి రోజుకు ఏడు గంటలు వేస్తున్నాను. పది గంటలు వేసిన నెలలో అద్దమంతా పచ్చటి నాచు పట్టింది, పడమటి కిటికీ ఎండ తగిలిన వారాల్లో ఇంకా ఎక్కువ పట్టింది. ఎరువు వారానికి ఒకసారి, సీసా మీద రాసిన మోతాదులో సగం. ముదురు ఆకుల్లో సూది గుచ్చినట్టు చిల్లులు పడితే పొటాషియం, లేత ఆకులే పసుపు తిరిగితే ఇనుము తక్కువైనట్టు గుర్తు.

ప్రాణమున్న మొక్కతో వచ్చే చిక్కు నత్తలు. ఆకు అడుగున జెల్లీ చుక్కలా ఉండే వాటి గుడ్లు కంటికి ఆనవు. నెల తిరిగేసరికి అద్దం నిండా పాకుతుంటాయి. ఇప్పుడు ఏ మొక్క తెచ్చినా పటిక కలిపిన నీళ్లలో రెండు మూడు గంటలు నానబెట్టి, బాగా కడిగి పెడుతున్నాను. అది కూడా నూటికి నూరుపాళ్లూ ఆపదు. మేత తగ్గిస్తే నత్తలూ తగ్గుతాయి, కొన్ని ఉంటే కుళ్లిన ఆకులు తినిపెడతాయి.

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచెత్తినప్పుడు ఈ తొట్లకు అసలైన పరీక్ష వచ్చింది. ఆ తుఫాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో మాత్రం రెండు రాత్రులు కరెంటు లేదు, మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఫిల్టర్లు ఆగిపోయాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒక్కటే ఉంటే గోల్డ్‌ఫిష్ తొట్టిలో పెట్టి, గప్పీల తొట్టిలో గంటకోసారి మగ్గుతో నీళ్లు ఎత్తి పోశాను. మూడో రోజు కరెంటు వచ్చాక అమ్మోనియా పరీక్ష మందు చుక్కలతో చూస్తే (అమ్మోనియా లేకపోతే పసుపు, పెరిగేకొద్దీ ఆకుపచ్చ), గుడ్డ మొక్కలున్న గోల్డ్‌ఫిష్ తొట్టిలో అమ్మోనియా రంగు ముదురు ఆకుపచ్చకు తిరిగింది, ఒక చేప పోయింది. మొక్కలతో నిండిన గప్పీల తొట్టిలో రంగు లేత పసుపు దాటలేదు, ఒక్క చేపా పోలేదు. దీన్నిబట్టి మొక్కలే కాపాడాయని తేల్చి చెప్పడం న్యాయం కాదు. గోల్డ్‌ఫిష్ పెద్ద చేప, దాని మలమూత్రాలూ ఎక్కువే, ఆ రెండు తొట్లలో చేరే మలినం సమానం కాదు. మొక్కలు చీకట్లో ఆక్సిజన్ ఇవ్వవు సరికదా, చేపల్లాగే అవీ పీలుస్తాయి. మబ్బు పట్టిన ఆ పగళ్లలోనూ అవి ఇచ్చింది కొంచెమే అయి ఉంటుంది. నీళ్లు ఎత్తి పోసిన మగ్గుకు దక్కాల్సింది మగ్గుకే దక్కాలి. కానీ ఫిల్టర్ ఆగిన తొట్టిలో అమ్మోనియాను ఎంతో కొంత తీసుకునేది ఒకటి ఉండటం ఎంత ధైర్యమో ఆ రెండు రాత్రులు నాకు చూపించాయి.

అంత చూశాక గోల్డ్‌ఫిష్ తొట్టిలోనూ మొక్కలు పెడదామని వాలిస్నేరియా రెండు కట్టలు నాటాను. నాలుగు రోజుల్లో మొదళ్లతో సహా మేసేశాయి. హైడ్రిల్లా రెండు రోజులు కూడా మిగల్లేదు. గోల్డ్‌ఫిష్ స్వభావమే అంత, అది ఇసుక తవ్వకుండా, ఆకు కొరక్కుండా ఉండదు. ఆస్కార్ లాంటి పెద్ద సిక్లిడ్ జాతి చేపలు పెంచేవారిదీ ఇదే కథ. అలాంటి చేపలకు గుడ్డ మొక్కలే సరైన ఎంపిక, అందులో చిన్నతనమేమీ లేదు. నేను చివరికి రాళ్లకు అంటించిన అనూబియాస్ మూడు, గుడ్డ మొక్కలు రెండు కలిపి పెట్టాను. అనూబియాస్ ఆకు తోలులా దళసరిగా ఉంటుంది కనుక గోల్డ్‌ఫిష్‌లు ఒకసారి కొరికి చూసి వదిలేశాయి. వారానికి మూడో వంతు నీళ్లు మార్చే పని ఆ తొట్టికి తప్పదు. గప్పీల తొట్టికి అయిదో వంతుతో సరిపోతోంది. జబ్బు చేసిన చేపను వేరుగా ఉంచే తొట్టికి కూడా గుడ్డ మొక్కే ఉండాలి. ఉప్పు, రాగి ఉన్న మందులు చాలా మొక్కలకు పడవు, వైద్యం అయ్యాక వేడి నీళ్లలో కడిగి ఎండబెట్టగలిగేది గుడ్డ మొక్కనే.

దుకాణాల గోడల మీద కనిపించే పచ్చిక బయళ్లలాంటి తొట్లు, ఎర్రటి రోటాలా మొక్కల గుబుర్లు చూసి మనసు పడేవారికి ఒక మాట. ఆ పద్ధతికి ప్రాణం పోసినవారిలో జపాన్‌కు చెందిన తకాషి అమానో ముఖ్యుడు. 1982లో తన సంస్థను స్థాపించి, తొట్టిలో ప్రకృతి దృశ్యాన్ని కూర్చే కళను ప్రపంచానికి నేర్పాడు. చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించే పని అది. కానీ ఆ తొట్లకు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ప్రత్యేకమైన మట్టి, మెత్తటి నీరు, 24, 25 డిగ్రీల చల్లదనం, రోజూ ఒక గంట మనిషి చేయి కావాలి. పగలంతా ఏసీ నడవని చెన్నై ఇంట్లో మే నెలలో వాటిని నిలబెట్టడం చాలా కష్టం. తొట్టి పైన పెట్టిన చిన్న ఫ్యాన్ నీటి వేడిని రెండు డిగ్రీల దాకా దించుతుంది, మన ఊరి ఉక్కపోతలో అంతకు మించి ఆశించలేం.

కత్తిరించిన మొక్కలను కాలువలోనో చెరువులోనో పారేయకండి. రెట్టేరి లాంటి మన చుట్టూ ఉన్న చెరువులకు గుర్రపుడెక్క బెడద చాలు. నేను మిగిలిన వాలిస్నేరియా పిల్లలను తడిగుడ్డలో చుట్టి పై అంతస్తు వాళ్లకు ఇస్తున్నాను, ఎక్కువైతే ఎండబెట్టి తులసికోటలో వేస్తున్నాను.

కొళత్తూర్ వెళ్లేవారు ఆదివారం జనంలో కాక వారం మధ్యలో ఉదయం పూట వెళితే, అమ్మేవారికి నిలబడి మాట్లాడే తీరిక ఉంటుంది. ఇంటి నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లి టీడీఎస్ చూపించండి. మొక్కను గాలిలో పెంచారా, నీటిలోనే పెంచారా అని అడగండి. ఆకు తిప్పి అడుగు భాగం వెలుతురుకు పట్టి చూడండి. జావా ఫెర్న్, అనూబియాస్ అయితే కొమ్మును బొటనవేలితో నొక్కి చూడాలి. పచ్చి పసుపు కొమ్ములా గట్టిగా ఉంటే తీసుకోవచ్చు, వేలికింద మెత్తగా దిగబడి పుల్లటి వాసన వేస్తే, ఆకులు ఎంత పచ్చగా ఉన్నా, ధర సగానికి దించినా, అక్కడే పెట్టేసి రండి.